లాగ్‌బుక్కులో లేని గడి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో నేర్చుకున్న సంగతి ఏదైనా నాలుగు ముక్కల్లో చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను నాలుగు చక్రాల గురించి చెబుతాను. డి.ఏ. సంగతి మాట్లాడేవారు నా తర్వాత ఎలాగూ ఉన్నారు.

1982లో నూజివీడు ప్రాంతంలో నేను పనిచేసిన ఆఫీసుకు ఒక జీపు ఉండేది. దాని లాగ్‌బుక్కు నా సీటులో ఉండేది. వేసవి లెక్కకూ వానాకాలం లెక్కకూ పొంతన కుదిరేది కాదు. అవే ఊళ్లు, అవే కిలోమీటర్లు, పెట్రోలు మాత్రం ఎక్కువ. నిర్ణయించిన సగటుకు మించిన పెట్రోలు ఖరీదును డ్రైవరు జీతంలో రికవరీ చేయవచ్చునని నోట్ పెట్టాను. సంతకం అయిపోయింది.

డ్రైవరు గొడవ పెట్టుకోలేదు. "ఒకసారి నాతో తోటల్లోకి రండి గుమాస్తాగారూ" అన్నాడు. ఆగస్టులో చాట్రాయి వైపు వెళ్లాం. మామిడి తోటల మధ్య డొంకలో వెనక చక్రాలు దిగబడ్డాయి. తిరుగుతున్నాయే గాని బండి కదలదు. అతను గేరు రాడ్ పక్కనున్న చిన్న రాడ్ లాగాడు. ముందు చక్రాలు కూడా పట్టు అందుకున్నాయి, బయటపడ్డాం. తారురోడ్డు ఎక్కగానే రాడ్ మళ్లీ మార్చేశాడు. "అట్లాగే ఉంచొచ్చుగా?" అన్నాను. "తారు మీద ఉంచితే బండి తనతో తనే పెనుగులాడుద్దండీ" అన్నాడు.

ఆ మాట పూర్తిగా బోధపడింది ఈ మధ్యనే. మెకానికల్ ఇంజినీరింగ్ చదివే మా మనుమడు అమెరికాలో యూటా రాష్ట్రపు బోనెవిల్ ఉప్పు మైదానంలో జరిగే వేగం పందేల గురించి చెప్పాడు. అక్కడ పైకప్పు లేని రోడ్‌స్టర్ కార్లు కూడా పరుగెడతాయి. ఒక్కొక్క కారునే వదిలి, కొలిచిన దూరానికి పట్టిన సమయం లెక్కగడతారు. ఆ కార్లకు రెండు చక్రాలు లాగితే మేలా, నాలుగూ లాగితే మేలా అన్నది ప్రశ్న.

వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఇంజను బలం ఒక్కటే చాలదు, చక్రానికి నేల మీద పట్టుండాలి. వెనక చక్రాలే లాగితే వాటి మీద పడిన బరువు వరకే పట్టు. నాలుగూ లాగితే బండి బరువంతా అక్కరకొస్తుంది.

1938 సెప్టెంబరులో అక్కడే జాన్ కాబ్ గంటకు 563 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పితే, మర్నాడే జార్జ్ ఐస్టన్ 575కు పెంచాడు. ఐస్టన్ కారు థండర్‌బోల్ట్ సుమారు 7 టన్నులు, వెనక చక్రాలతో నడిచేది. కాబ్ నడిపిన రైల్టన్ బరువు అందులో సగం కూడా లేదు. దాని రెండు ఇంజన్లలో ఒకటి ముందు చక్రాలను, రెండోది వెనక చక్రాలను తిప్పేది. మొత్తం బలం థండర్‌బోల్ట్‌లో దాదాపు సగమే. అయినా 1939లో 595, 1947లో 634 కిలోమీటర్లు అందుకుంది. ఆ ఘనత అంతా నాలుగు చక్రాలదే అనలేం. తేలికదనం, గాలిని చీల్చే ఆకారం కూడా తోడయ్యాయి.

మరి అందరూ అదే ఎందుకు చేయరు? అదనపు గేర్లు, షాఫ్టుల బరువు మోయాలి. వాటి రాపిడికి కొంత శక్తి పోతుంది. ముందు చక్రం పట్టంతా లాగడానికే ఖర్చయితే బండిని తిప్పడానికి మిగలదు. అందుకని కొందరు వెనక ఇరుసు మీద సీసం దిమ్మలు వేసి సరిపెట్టుకుంటారు. వేగం నిదానంగా అందుకున్నా మైళ్ల కొద్దీ దారి ఉంది. కాని వెనక బరువు మరీ ఎక్కువైతే, జారినప్పుడు బండి గిర్రున తిరిగే ప్రమాదముంది.

మన జీపు సంగతీ ఇంతే. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. రాడ్ వేసి ఉంటే ముందూ వెనకా ఒకే లెక్కన తిరుగుతాయి. బురదలో ఆ తేడా జారి సర్దుకుంటుంది. తారు మీద సర్దుకోదు. టైర్లు అరుగుతాయి, గేర్లు బిగుసుకుంటాయి. ఏది మేలో చెప్పేది నేల.

లాగ్‌బుక్కులో కిలోమీటర్లకు గడి ఉంది, లీటర్లకు గడి ఉంది. నేలకు గడి లేదు. తోట నుంచి వచ్చాక వానాకాలానికి వేరే సగటు ఉండాలని ఇంకో నోట్ పెట్టాను, ఒప్పుకున్నారు. కాని అప్పటికే రెండు నెలల జీతంలో కోసిన సొమ్ము తిరిగి ఇప్పించమని మాత్రం రాయలేదు. రాస్తే నా మొదటి నోట్ తప్పని నా చేత్తో నేనే ఒప్పుకోవాలి. అతనూ అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు అదే జీపులో నన్ను ఎక్కించుకు తిరిగాడు. ఇప్పుడు అతను లేడు. అతనికి చెప్పవలసిన మాట ఆలస్యంగా మీకు చెబుతున్నాను.

మన పిల్లలు ఎందరో ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరి మీదనైనా రికవరీ రాసేముందు, ఆ బండి ఏ నేల మీద నడిచిందో ఒకసారి చూసి రమ్మని చెప్పండి.