కూటికి రాని విద్య

(గత ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద మాట్లాడదగినంత చదువు నాకు లేదు. మెట్రిక్యులేషను వరకు చదివి, ఇక్కడ ఖుర్దారోడ్డులో రైల్వే గుమాస్తాగా పనిచేస్తున్నవాడిని. లోకో పైలట్లు నడిపిన కిలోమీటర్లు లెక్కకట్టి వారి రన్నింగ్ అలవెన్సు బిల్లులు సరిచూడడం నా ఉద్యోగం. అయినా మన కార్యదర్శిగారు "నీవు రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుండి విమానం నడుపుతావట గదా, ఆ సంగతే నలుగురికీ చెప్పు" అని పట్టుబట్టినారు. కొందరు నవ్వుతున్నారు. నవ్వవచ్చును. మా ఇంట్లోనూ మొదట అందరూ నవ్వినవారే.

దీనిని ఫ్లైట్ సిమ్యులేటరు అంటారు. కంప్యూటరు తెరమీద పైలటు కూర్చునే గది, అందులోని మీటలు, ముళ్ళు అన్నీ ఉన్నవి ఉన్నట్లు కనిపిస్తవి. పిల్లల ఆటలో వలె మీట నొక్కగానే ఎగిరిపోదు. ఇంధనం ఎంత, బరువు ఎంత, గాలి ఎటునుంచి అని చూచుకోవాలి. ఒక్కొక్క స్విచ్చీ వరుస తప్పకుండా వేయాలి. భువనేశ్వరంనుంచి విశాఖపట్నం వెళ్ళడానికి నిజమైన విమానానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ నేను కుర్చీలో కూర్చోవలసిందే. క్రింద చిల్కా సరస్సు, ఎడమచేతివైపు సముద్రం, కుడిచేతివైపు తూర్పు కనుమలు. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఖలాసీ పనికని శ్రీకాకుళంవైపునుంచి ఏ దారిన వచ్చినారో, ఆ దారినే నేను వెనుకకు వెళ్ళి వస్తూంటాను.

ఇట్లాంటివారు లోకంలో లక్షలకొద్దీ ఉన్నారు. మరి వీరంతా పొట్టకూటికి ఏమి చేస్తారు? ఈ ప్రశ్న మన పెద్దలు తప్పక అడుగుతారు. "కోటి విద్యలు కూటి కొరకే" అన్నది మన సామెత గదా! ఈ విద్య మాత్రం మొదటినుంచీ కూటిపనికి ప్రక్కనే పుట్టి పెరిగినది.

అమెరికాలో బింగామ్టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తండ్రిగారి ఫ్యాక్టరీలో పియానోలు, ఆర్గన్లు చేసేవాడు. అతనికి విమానంమీద మోజు. కాని పాఠాల ఖర్చు విపరీతం. అందుచేత ఆర్గనుకు గాలి అందించే తిత్తులనే తీసికొని, నేలమీదనే అటూ ఇటూ వాలే చిన్న విమానపు పెట్టెను 1929 నాటికి తయారుచేసినాడు. మొదట దానిని కొన్నవారిలో వినోదశాలలవారే ఎక్కువ. 1934లో అమెరికా సైన్యం విమాన తపాలా పని చేపట్టినది. మబ్బులలో, చీకట్లలో యంత్రాలు చూచి నడపడం అలవాటు లేక పలువురు పైలట్లు మరణించినారు. అప్పుడుగాని సైన్యానికి లింకు పెట్టె విలువ తెలియలేదు. వెంటనే ఆరు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో లక్షలమంది పైలట్లు దానిలో కూర్చుండి నేర్చుకొన్నారు. వాద్యాలు చేసే చేయి చేసిన పని అది.

ఇంటింటికీ ఈ విద్య తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివినవాడు. ఆయన వ్రాసిన ప్రోగ్రామునే 1982లో మైక్రోసాఫ్టువారు ఐ.బి.ఎం. కంప్యూటరుకు విడుదల చేసినారు. అక్కడినుంచి గుమాస్తాలూ ఉపాధ్యాయులూ కూడ ఎగరసాగినారు.

2001లో ప్రారంభమైన వాట్‌సిమ్ అనే సంస్థ ఒకటి ఉన్నది. ఇళ్ళలో విమానాలు నడిపేవారికి ఇంటర్నెట్టు ద్వారా దారి చూపడానికి, ఇళ్ళలోనే కూర్చున్న కంట్రోలర్లు ఉంటారు. వారు పుస్తకాలు చదివి, పరీక్షలు పాసై, మెట్టు మెట్టుగా పైకి వస్తారు. జీతం మాత్రం దమ్మిడీ లేదు. నాకు పరిచయమైనవారిలో బడిపంతులు ఉన్నాడు, లారీ నడిపేవాడు ఉన్నాడు, పింఛను తీసికొంటున్న పెద్దమనిషి ఉన్నాడు. పగలు నిజమైన విమానం నడిపి, రాత్రి ఇంట్లో మళ్ళీ ఇదే పట్టుకొనే పైలట్లూ ఉన్నారు! అక్కడ నా జీతమెంతో ఎవరూ అడుగరు. కంట్రోలరు చెప్పిన ఎత్తును నేను తప్పులేకుండా తిరిగి చెప్పినానా లేదా, అంతవరకే వారికి కావాలి.

దీనినే కూడు చేసికొన్నవారు కూడ కొందరున్నారు. సిమ్యులేటరులోకి కొత్త విమానాలు, విమానాశ్రయాలు తయారుచేసి అమ్ముకొనేవారున్నారు. కాని 2009 జనవరిలో మైక్రోసాఫ్టువారు తమ సిమ్యులేటరు తయారుచేసే విభాగాన్నే మూసివేసినారు. అందులోనివారి ఉద్యోగాలు పోయినవి. తిరిగి 2020 ఆగస్టులో వారు కొత్త ఫ్లైట్ సిమ్యులేటరు తీసికొని వచ్చినారు. ఈ పదకొండేళ్ళూ అభిరుచి చచ్చిపోయినదా? లేదు. వేరే కూడు ఉన్నవారు దానిని నిలబెట్టినారు. ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటరును 1990లనుంచి ఎందరో స్వచ్ఛందంగా, తీరికవేళల్లో తయారుచేస్తూ వచ్చినారు. ఉద్యోగం అన్నం పెట్టబట్టే వారి కోరిక బ్రతికినది.

ఇక నా సంగతి. చిన్నప్పుడు నేనూ పైలటు కావాలనుకొన్నవాడినే. పదకొండవ తరగతిలో ఉండగా నాన్నగారు సర్వీసులోనే పోయినారు. చదువు మాని, కారుణ్య నియామకంమీద నాలుగవ తరగతి ఉద్యోగిగా చేరినాను. తరువాత శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తానయినాను. చాలా ఏళ్ళవరకు పైన విమానం చప్పుడు వినబడితే తల ఎత్తి చూచేవాడిని కాను.

ఆఫీసులో అడ్వాన్సు తీసికొని కంప్యూటరు కొన్నప్పుడు, పిల్లవాడి చదువుకని ఇంట్లో చెప్పినాను. అది అబద్ధం. ఒక రాత్రి నా భార్య వెనుక నిలబడి చూచి "చదువంటే ఇదేనా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. మరుసటి ఆదివారం ఆమెను ప్రక్కన కూర్చోబెట్టుకొని విశాఖపట్నం బయలుదేరినాను. ఆమె పుట్టిల్లు పలాస దగ్గర. బరంపురం దాటగానే "పలాస ఎప్పుడొస్తుంది?" అని అడిగినది, రైలులో అడిగినట్లే. అప్పటినుంచి మాకొక ఒప్పందం. పిల్లవాడి చదువు అయినతరువాతనే కంప్యూటరు నాది.

దీనివల్ల నాకు వచ్చిన లాభం ఒకటి చెబుతాను. ఒకప్పుడు నా తొందరపాటువల్ల ఒక లోకో పైలటుగారి నాలుగు రోజుల కిలోమీటర్లు బిల్లులో పడలేదు. ఆయన ఆ నెల ఎంతో ఇబ్బందిపడినాడు. విమానంలో ఎంత అనుభవమున్న పైలటైనా పట్టిక చూడకుండా బయలుదేరడు. నేను కూడ అట్టి పట్టిక ఒకటి వ్రాసి బల్లమీద పెట్టుకొన్నాను. మళ్ళీ ఆ తప్పు జరుగలేదు.

మొన్న మా అక్క కొడుకు "మావయ్యా, ఇది బాగా నేర్చుకొంటే పైలటు ఉద్యోగమిస్తారా?" అని అడిగినాడు. "ఇవ్వరు నాయనా" అన్నాను. ఇంటి కంప్యూటరుమీద ఎన్ని గంటలు ఎగిరినా లైసెన్సు లెక్కలోకి రావు. కమర్షియల్ పైలటు లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు విమానం నడిపి ఉండాలి, వైద్యపరీక్షలో నెగ్గాలి, లక్షలకు లక్షలు పోయాలి. పైగా ఇంట్లో నేర్చినవాడు ముళ్ళనే చూస్తాడు, కిటికీలోనుంచి బయటికి చూడడని నేర్పేవారు విసుక్కొంటారు కూడ. విమానాశ్రయంలో కంట్రోలరు కావాలంటే భౌతికశాస్త్రం, గణితాలతో బి.ఎస్సి. గాని, ఇంజనీరింగు గాని చదవాలి. అయితే ఇల్లు తాకట్టుపెట్టి పిల్లవాడిని పైలటు శిక్షణకు పంపేముందు, ఒక ఏడాది దీనిముందు కూర్చోనివ్వండి. అది మోజో, నిజమైన ఆసక్తియో తెలిసిపోతుంది. ఆ ఏడాదికి పెద్దగా ఖర్చులేదు.

పెద్దలారా! వలసవచ్చిన మనకు కూటివిద్యే ముందు. దానిని నేను తక్కువ చేయను. తాతగారు ఖలాసీగా మోసిన బరువువల్లనే నాకు ఈ కుర్చీ దొరికినది. కాని మన ఇళ్ళలో ఒక కుర్రవాడు ఎదురైతే "ఉద్యోగమేమిటి? జీతమెంత?" అని అడిగి ఊరుకొంటాము. ఈ ఏడాదినుంచి మూడవ ప్రశ్న కూడ అడుగుదాము: "పని ముగిసి ఇంటికి వచ్చినాక నీకు ఏమిటి ఇష్టం?" అని. పగలంతా ఇతరులు నడిపిన కిలోమీటర్లు లెక్కపెట్టే నాకు, రాత్రి నేను నడిపినవి ఎవరూ లెక్కపెట్టరు. ఎవరూ లెక్కపెట్టని ఆ మైళ్ళవల్లనే, ఇప్పుడు విమానం చప్పుడు వినబడితే తల ఎత్తి చూడగలుగుతున్నాను.