దరువు కూడ చదువే

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను గ్రంథములను గూర్చి ముచ్చటింతునని వారు తలచి యుందురు. లయను గూర్చియు, దేశదేశముల చర్మవాద్యములను గూర్చియు చెప్పదలచితినని తెలుపగా వారు ఒక క్షణము ఊరకుండి, "గ్రంథాలయములో మద్దెలలేమిటండీ?" అని నవ్విరి. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగము.

25 ఏండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు ప్రారంభోత్సవము జరిగిన సంగతి ఇచ్చటి పెద్దలలో అనేకులకు జ్ఞప్తియందుండును. ఆ ఉదయము ఆ వార్తను ఊరంతటికి తెలిపినది కరపత్రము కాదు, డప్పు. ఒక పెద్దమనిషి వీధివీధి తిరిగి చాటింపు వేసెను. సాయంకాలము మనమందరము లోపల కూర్చుంటిమి. ఆయన మాత్రము మెట్ల దిగువను, వేపచెట్టు క్రింద, డప్పును మోకాలికి ఆనించుకొని నిలుచుండెను. ఆయనను లోనికి రావలదని ఎవరును అనలేదు. రమ్మని కూడ ఎవరును అనలేదు. అనని వారిలో నేనును ఒకడను.

ఆయన నాకు క్రొత్తవాడు కాడు. పదేండ్ల ప్రాయమున, జాతరకు ముందటి దినములలో, ఆయన ఎండుగడ్డి మంట వేసి డప్పును కాచుచుండగా నేను ప్రక్కన కూర్చుండి చూచెడివాడను. ఎందుకు కాచుచున్నావని ఒకనాడు అడిగితిని. "తోలు తడి పీల్చి మెత్తబడింది బాబూ. మెత్తబడితే మాట పలకదు" అనెను. పిమ్మట ఎడమచేతికి సన్నని చిటికెన పుల్లను, కుడిచేతికి లావైన సిర్రను ఇచ్చి నాకొక దరువు నేర్పెను. ఇంటికి వచ్చి సంబరముగా చెప్పగా, నాకు తలస్నానము చేయించి గాని లోనికి రానీయలేదు. ఆ స్నానము కంటె నన్ను నేడు ఎక్కువగా బాధించునది వేరొకటి కలదు. పదేండ్ల నేను ఆయనను "నువ్వు" అంటిని. నలువది ఏండ్ల ఆయన నన్ను "బాబూ" అనెను. నాకు తొలి లయపాఠము చెప్పిన గురువును నేనొక్కనాడును "మీరు" అని పిలువలేదు. ఆయన ఇప్పుడు లేరు.

ఆయనకు తెలిసినదేమి? ఆయనకు లెక్క తెలియును. లయ యనగా వినబడు గణితము. మన సంగీత శాస్త్రము ఈ లెక్కను చక్కగా అమర్చినది. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అని అయిదు జాతులు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక అని ఏడు తాళములు. ఏడింటిని అయిదింటితో గుణింపగా 35 తాళములు. మనము నిత్యము వినెడి ఆదితాళము చతురశ్రజాతి త్రిపుట; దానికి ఎనిమిది అక్షరములు. ఈ పేర్లు డప్పు వాయించువారికి తెలియకపోవచ్చును. కాని ఊరేగింపు నడుమ దరువు మార్చి, మరల సరిగా మొదటి దెబ్బకు వచ్చి కలిసికొనువానికి ఆ లెక్క తెలియదని ఎవరనగలరు?

మాటలతో చెప్పుటకంటె చేతులతో చేసి చూచుట మేలు. మనమందరము ఆరు వరకు మరల మరల లెక్కింతము. నాకు కుడివైపున ఉన్నవారు ఒకటి, మూడు, అయిదు అంకెలపై చప్పట్లు వేయుడు. ఎడమవైపు వారు ఒకటి, నాలుగు అంకెలపై వేయుడు. (సభికులు చప్పట్లు చరచిరి.) వింటిరా? కుడివైపు వారు మూడు వేసిరి. ఎడమవైపు వారు రెండు వేసిరి. కాని హాలులో వినబడినది మూడును కాదు, రెండును కాదు. ఇరువురును విడివిడిగా వేయని మూడవ దరువొకటి పుట్టినది.

ఆఫ్రికా ఖండమున ఘానా, టోగో దేశములలో నివసించు ఎవె జాతివారి వాద్యగోష్ఠికి ఈ మూడు, రెండుల పొత్తు ఆయువుపట్టు. ఇనుప జంటగంట ఒకటి ఎడతెగక ఒకే దరువును చెప్పుచుండును. గిలకలు, చిన్న డోళ్లు, పెద్ద డోలు తమ తమ పాళ్లను దానిపై అల్లుకొనును. ఏ ఒక్కరి దరువును విడదీసి విన్నను పాట యుండదు. అందరును కలిసిన చోటనే పాట యున్నది. ఒకడు తప్పిపోయిన, తక్కినవారు వానిని విని వానికి దారి చూపుదురు. పదిమంది కలిసి బ్రతుకవలసిన పల్లెకు ఇంతకంటె మంచి పాఠమేమున్నది?

ఇక వాద్యము మాటలాడునా యని అడుగుదురేమో. నైజీరియా దేశమున యోరుబా భాషయందు ఒకే మాటను హెచ్చు, మధ్యమ, తగ్గు స్థాయిలలో పలికినచో అర్థము మారును. వారి దుందున్ అను వాద్యము మన బుడబుక్కవలె నడుము సన్నగా నుండును. దాని త్రాళ్లను చంకక్రింద నొక్కుచు, విడుచుచు, వాదకుడు ఆ స్థాయీభేదములను పలికించును. పెద్దల పేర్లు, ప్రశంసలు, సామెతలు తోలుపై వినబడును. తెలిసినవారు వాక్యమును వాక్యముగనే గ్రహింతురు.

మన డప్పునకును ఇట్టి శక్తి లేకపోలేదు. పొలములో నున్న రైతు దూరము నుండి వచ్చు దరువును విని, అది పెండ్లియో, జాతరయో, చావో తెలిసికొనుచుండెను. మృదంగ విద్వాంసుడు చేయి వేయుటకు ముందు నోట తకధిమి యని పలుకును. ఆ జతులే మృదంగమునకు అక్షరమాల. తరతరముల విద్య కాగితముతో పనిలేక గురుముఖమునుండి శిష్యముఖమునకు అట్లే దిగివచ్చినది. కావున లయ విద్యయందు నోరు గ్రంథము, చేయి వ్యాఖ్యానము. గ్రంథాలయమున మద్దెలకు చోటేమని అడిగిన కార్యదర్శిగారికి ఇది నా మొదటి సమాధానము.

రెండవ సమాధానము విజ్ఞాన శాస్త్రమునకు సంబంధించినది. బిగించిన తోలును కొట్టినప్పుడు పుట్టు ధ్వనులు సాధారణముగా ఒకదానితో నొకటి పొత్తు కుదరవు. అందుచేతనే పెక్కు డోళ్లు ధణధణ మ్రోగునే గాని శ్రుతి పలుకవు. మృదంగము, తబలాల మూతపై నల్లని మచ్చ పూయుటచేత తోలు బరువు తగినచోట పెరిగి, పైధ్వనులు మూలధ్వనికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా వరుసకు వచ్చునని సర్ సి.వి. రామన్ గారు తమ సహచరునితో కలిసి 1920లో నేచర్ పత్రికయందు ప్రకటించిరి. నోబెల్ బహుమానము వారికి 1930లో వచ్చినది. రామన్ గారు లెక్కగట్టి చూపిన ఆ పొత్తును అంతకు ఎంతో ముందే చెవితోను, వ్రేళ్లతోను సాధించినవారు తోలుపని చేయువారు. మృదంగములు చేయు ఇట్టివారి జీవితములను గూర్చి గాయకులు టి.ఎం. కృష్ణగారు 2020లో "సెబాస్టియన్ అండ్ సన్స్" అను ఆంగ్ల గ్రంథమును వెలువరించిరి. సభామధ్యమున వాద్యమునకు పూజ. దానిని చేసినవానికి గడప వెలుపలి చోటు. ఇది ఒక్క మన ఊరి కథ కాదని ఆ గ్రంథమును చదివినవారికి తెలియును.

వాద్యమునకు భయపడిన ప్రభుత్వములు కూడ కలవు. అమెరికాలోని సౌత్ కరోలైనాయందు 1739లో బానిసలు డోళ్లు మ్రోగించుచు తిరుగుబాటు చేసిరి. మరుసటి ఏడు, 1740లో, వారు డోళ్లను వాడరాదని శాసనము పుట్టినది. డోలు పోగా వారికి దేహము మిగిలెను. తొడలపైన, రొమ్ముపైన అరచేతులతో చరచుచు, నేలను పాదములతో తన్నుచు వారు దరువును నిలుపుకొనిరి. ఆ లయ అమెరికా సంగీతమునకు పునాదులలో నొకటి యైనది.

కరీబియను సముద్రమందలి ట్రినిడాడ్ ద్వీపమునను ఇట్లే జరిగినది. అచ్చటి ఆంగ్ల ప్రభుత్వము 1884లో డోళ్లను కట్టడి చేయగా, పేదలు వెదురు బొంగులను కోసి, వానిని నేలపై మోది వాయించిరి. 1930 ప్రాంతమున బిస్కట్టు డబ్బాలు, పారవేసిన ఇనుప సామానులు వారి వాద్యములైనవి. పిమ్మట ఖాళీ నూనె పీపాల అడుగును గుంటగా సాగగొట్టి, అందు చిన్నచిన్న గుంటలకు ఒక్కొక్క స్వరమును అమర్చిరి. చెత్తకుప్పనుండి పుట్టిన ఆ ఉక్కు వాద్యముల బృందము 1951లో లండను నగరమున బ్రిటన్ ఉత్సవములలో వాయించి ప్రజలను ఆశ్చర్యపరచినది. నేడు ఆ దేశమునకు అదే గర్వకారణము. మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో రేకు గుళ్లను రొమ్మునకు కట్టుకొని వాయించుచు ఎగిరి ఆడెడి తప్పెటగుళ్ల కళాకారులను చూచినవారికి ఈ సంగతి వింతగా తోపదు. కళకు కావలసినది ఖరీదైన సామాను కాదు.

పిల్లలకు ఈ విద్య ఎట్లు ఆరంభింపవలెను? జర్మనీ దేశపు స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ గారు ఒక సులభమైన త్రోవ చూపిరి. 1924లో మ్యూనిక్ నగరమున స్థాపింపబడిన పాఠశాలలో వారు ఆరంభించిన పద్ధతిలో ముందు మాట, పిమ్మట దేహము, ఆ పిమ్మట వాద్యము. పిల్లలు వినినదానిని అప్పగించుట మాత్రమే కాదు. తామే క్రొత్త దరువును కల్పింపవలెను.

దీనికి మన పెరటి తోటయే చాలును. "మామిడి" అనుడు, అది తకిట, మూడు. "బెండకాయ" అనుడు, తకధిమి, నాలుగు. "పనసపండు" అయిదు. "మామిడి బెండకాయ" అని కలిపినచో ఏడు, మిశ్రజాతి. "మామిడి మామిడి జామ" అని పలుకుచు, ప్రతి మాట మొదట ఒక చప్పట్టు వేయుడు: మూడు, మూడు, రెండు, వెరసి ఎనిమిది. ఆదితాళములో ఇమిడిపోయిన ఈ దరువే క్యూబా ద్వీపపు పాటలలో అడుగడుగున వినబడును. అచ్చట దానిని త్రెసీయో అందురు. జామపండు పేరు పలుకగలిగిన పిల్లవాడు అప్పుడే సముద్రములు దాటినాడు.

నాకు చెవి లేదు, నాకు రాదు అని వెనుదీయువారు స్కాట్లండు దేశస్థురాలైన ఎవెలిన్ గ్లెన్నీ గారిని తలచుకొనవలెను. ఆమెకు 12 ఏండ్ల ప్రాయము నాటికే వినికిడి దాదాపు పూర్తిగా పోయినది. ఆమె పాదరక్షలు విడిచి వేదికపై నిలిచి, కంపనమును దేహముతో గ్రహించి వాయించుచు ప్రపంచఖ్యాతి నందిరి. ఆడపిల్లలకు మృదంగమేల అనువారు 2021లో పద్మశ్రీ పొందిన మన నిడుమోలు సుమతిగారి పేరు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము ఇది. వారమునకొక గంట ఈ హాలునందు పిల్లలకు లయ తరగతి పెట్టుడు. మొదటి నెలలో చప్పట్లు, మాటలు చాలును, పిమ్మట కుండలు, డబ్బాలు, వెదురు ముక్కలు, ఆపైన డప్పు. నేర్పుటకు పట్టణమునుండి ఎవరిని పిలువనక్కర లేదు. మన ఊరి డప్పు కళాకారులను గురువులుగా పిలువుడు. వారికి గౌరవ వేతనము ఇయ్యుడు. అందుకు మొదటి ఏడాది వ్యయమును నేను భరింతును. వారు కూర్చుండుటకు కుర్చీ వేయుడు. పిల్లలు వారిని "మీరు" అని పిలుచునట్లు చూడుడు. ఈ చివరి మాటకు వ్యయము లేదు, కాని అదే అన్నింటికంటె కష్టమని నాకు తెలియును.

నాకు దరువు నేర్పిన వారి మనుమడు ఈ ఉదయము ఈ ఉత్సవమునకు చాటింపు వేసినారు. నేను వచ్చునప్పుడు వారు ఆ మెట్ల దిగువను, ఆ వేపచెట్టు క్రిందనే నిలిచి యుండిరి. ఇప్పుడును అచ్చటనే యున్నారు. అధ్యక్షులవారి అనుమతితో నేను వేదిక దిగి వారిని లోనికి తోడ్కొని వత్తును. నా ప్రసంగములో మిగిలిన భాగమును వారు డప్పుతో వినిపింతురు.