థేమ్స్ మురుగు కథ

1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండన్ పార్లమెంటు కిటికీ తెరలను బ్లీచింగ్ పొడి నీళ్లలో తడిపి వేలాడదీశారు. ఏలినవారి ముక్కుకు తగిలాకే ఖజానా తెరుచుకుంది! ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ భూగర్భ కాలువలు కట్టించి, మురుగును నగరానికి తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్‌ల దాకా తరలించాడు. శుద్ధి మాత్రం లేదు. ఆటు వేళ నదిలోకి వదిలితే సముద్రం లాక్కుపోతుందని లెక్క. కానీ పోటు దాన్ని వెనక్కి నెట్టేది. పైగా ఫ్యాక్టరీల వ్యర్థాలు తోడు.

1878 సెప్టెంబరులో ఆ మురుగు వదిలే చోటికి దగ్గర్లోనే ‘ప్రిన్సెస్ ఆలిస్’ అనే విహార నౌక మునిగింది. అప్పుడే వదిలిన మురుగులో పడి 600 మందికి పైగా పోయారు. 1887 నుంచి మురుగులోని మడ్డిని వేరుచేసి ఓడల్లో తీసుకెళ్లి సముద్రంలో పారబోశారు. ఆ పని 1998 దాకా సాగింది.