డాక్టరుగారిని చూడని దినములు



దక్షిణాఫ్రికాలోని భారత సంతతివారిలో చక్కెరజబ్బు ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. దానికి తోడు రక్తపుపోటు. డాక్టరుగారు మూడు నెలలకొకసారి పావుగంట చూస్తారు. మిగిలిన దినములన్నీ రోగి ఇంటిలోనే గడుస్తాయి. ఆ దినములలో జరిగినది వారికి ఎట్లు తెలియాలి?

2014 ఆగస్టులో మన ఆరోగ్యశాఖవారు గర్భిణీస్త్రీల కొరకు మామ్‌కనెక్ట్ అనే ఏర్పాటు ప్రారంభించారు. పేరు నమోదు చేయించుకొన్న తల్లికి నెలలకు తగిన సలహాలు సెల్‌ఫోనుకు ఉచితంగా వస్తాయి. మామూలు ఫోనుకు ఎస్సెమ్మెస్‌గా, అప్పటి 11 అధికార భాషలలో వచ్చేవి. 2017లో వాట్సాప్ కూడ చేర్చారు. నాకు ఇందులో నచ్చినది సలహాలు కాదు. తల్లి తిరిగి ప్రశ్న వేయవచ్చు, క్లినిక్కు మీద ఫిర్యాదు కూడ చేయవచ్చు. జవాబు చెప్పేవారు ఆవల ఉన్నారు. ఒకరే మాట్లాడేది రేడియో గాని సంభాషణ కాదు గదా!

ఆ భాషలలో తెలుగు లేదు, ఉంటుందని అనుకోనూలేము. మన అవ్వలకు ఇంగ్లీషు వచ్చును. అయినా ఒంటి బాధ చెప్పేటప్పుడు కొందరికి తెలుగుమాటే ముందు వస్తుంది. ఫోనులో వ్రాసేది మనవడు. గది అంతా గిర్రున తిరిగినట్లుండడం ఒకటి, నడుస్తూ తూలడం ఒకటి, మంచం దిగి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం మరొకటి. మనవడు మూడింటికీ 'డిజ్జీ' అని ఒకే మాట పంపుతాడు. వైద్యునికి ఇవి మూడు వేర్వేరు సంగతులు. మూడవది రక్తపుపోటు మాత్రల వలన కూడ రావచ్చు. మోతాదు మార్చవలసి రావచ్చు. కనుక పిల్లలారా, అవ్వ ప్రక్కన కూర్చోండి. ఎప్పుడు వచ్చింది, ఏమి చేస్తుండగా, ఏ మాత్ర వేసుకొన్న ఎంతసేపటికి, ఎంతలో తగ్గింది అని అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాయండి.

అంకెలు కూడ అంతే. అయిదు నిమిషాలు ఊరక కూర్చోబెట్టి, ఒక నిమిషం ఎడముతో రెండుసార్లు కొలవండి. డాక్టరు కోప్పడతారని అవ్వ మంచి అంకెనే పంపమంటుంది. రెండూ పంపండి. కుటుంబపు గ్రూపులో మాత్రం పెట్టకండి. సాయంకాలానికి ఫీనిక్స్ నుండి చాట్స్‌వర్త్ దాకా తెలిసిపోతుంది!

గుండెనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా సందేశం పంపి కూర్చోరాదు. వెంటనే 10177కు, సెల్‌ఫోను నుండి అయితే 112కు పిలవండి.

వచ్చేసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని ఒకమాట అడగండి: మా సందేశాలు ఎవరు చదువుతారు, ఏ వేళల్లో, జవాబు రాకుంటే ఎవరికి ఫోను చేయాలి? ఆ కాగితం ఫ్రిజ్జి తలుపుకు అంటించండి, అవ్వకు కనబడేటంత పెద్ద అక్షరాలతో.