గోడమీది ఈగపులి, చేలోని సాలీడు



వేటకు వల అల్లకుండా, కిటికీ పక్క గోడమీద గంతులు వేస్తూ తిరిగే చిన్న సాలీడును మీరు చూచే వుంటారు. దాన్నే ఈగపులి అంటాం. దానికి ఎనిమిది కళ్లు. ముందువైపు నడుమ వున్న రెండూ పెద్దవి. పిల్లి ఎలుకమీదికి వెళ్లినట్టు నెమ్మదిగా జరిగి, దారం గోడకు అంటించి, ఒక్కసారిగా దూకుతుంది.

ఒకనాటి సాయంత్రం మా వసారా గోడమీద రెండు ఈగపులులు ఎదురుపడ్డవి. చిన్నది ముందుకాళ్లు ఎత్తి ఆడించింది. మగది ఆడదాని ఎదుట ఇలాగే ఆడుతుంది. "నేను ఈగను కాను, నీ జాతివాణ్ణే" అని చెప్పుకోవడమన్న మాట. పెద్దది ఆ మాట వినలేదు. దూకి పట్టింది. సాలీడు మనలా నమిలి మింగదు. కాటువేసి, జీర్ణరసంతో లోపలిదంతా కరిగించి పీల్చుకుంటుంది. చివరకు నేలమీద డొల్ల మాత్రం పడింది.

"తన జాతినే తినే పురుగు మనకేం మేలు చేస్తుందండీ?" అని మా ఇంట్లో అడిగారు. సబబైన ప్రశ్నే. సాలీడుకు తన, పర భేదం లేదు. తనకు లొంగే ప్రాణి ఏదైనా ఆహారమే. ఆకలి ముదిరినకొద్దీ తనవాళ్లనే తినడం ఎక్కువవుతుంది.

ఇక మన వరిచేనికి వద్దాం. అక్కడ తోడేలు సాలీడు వుంటుంది. ఇదీ వేటకు వల అల్లదు. దుబ్బుల మొదళ్లలో తిరిగి సుడిదోమను తింటుంది. దీనికీ అదే గుణం. నాట్లు వేసిన కొత్తలో దోమ అంతగా వుండదు. అప్పుడు దీని కడుపు నింపేవి, చివికిన గడ్డీ పశువుల ఎరువూ ఆధారంగా నీటిలో పెరిగే చిన్నచిన్న పురుగులు. అవి పైరు జోలికి రావు. తొందరపడి మందు కొట్టారో, అవీ పోతాయి, సాలీళ్లూ చాలామట్టుకు చస్తాయి. మిగిలిన నాలుగూ ఆకలికి ఒకదాన్నొకటి తింటాయి. ఆనక దోమ దిగితే అడిగే నాథుడుండడు.

ఇండోనేషియాలో మందులు విపరీతంగా చల్లినచోట్ల సుడిదోమ తగ్గకపోగా పెరిగింది. 1986లో ఆ ప్రభుత్వం వరిమీద 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది.

కనుక నాటిన తొలి 30 రోజులు, అవసరం తేలనిదే మందు జోలికి పోకండి. వారానికొకసారి దుబ్బులు తట్టి చూడండి. దోమలతోపాటు సాలీళ్లనూ లెక్కపెట్టండి. వాటికి తిండి మిగిల్చితే, మనకు పంట మిగుల్చుతాయి.