వాకిలి దిక్కు, దిక్సూచి ముల్లు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"లెక్కల మాస్టారు కదా, ఏదైనా చెప్పండి, లెక్కలు మాత్రం వద్దు" అన్నారు కార్యదర్శిగారు. అందుకని ఒక్క మాటే తెచ్చాను: 'ఐసోగోనల్'. గ్రీకులో ఐసోస్ అంటే సమానం, గోనియా అంటే కోణం. తెలుగులో సమకోణం అందామా అంటే హిందీలో 'సమకోణ్' అంటే లంబకోణం! దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గరికి ట్యూషన్‌కు వచ్చే పిల్లలు ఏటా ఇక్కడే బోల్తా పడేవారు.

ఓడలు నడిపేవారికి ఈ సమాన కోణాలతో పెద్ద పని. దిక్సూచి ముల్లు అన్నిచోట్లా సరిగ్గా ఉత్తరం చూపదు, కొంత పక్కకు తొలగుతుంది. ఆ తేడాయే దిక్పాతం. ఒకే దిక్పాతం ఉన్న చోట్లను కలుపుతూ గీసేవి సమదిక్పాత రేఖలు. హేలీ, తోకచుక్క హేలీయే, అట్లాంటిక్ సముద్రమంతా తిరిగి అలాంటి రేఖలతో 1701లో పటం అచ్చువేయించాడు.

ఇదంతా మనకెందుకంటారా? మా బావగారు గ్రాట్యుటీ డబ్బంతా పోసి ఎల్.బి.నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నెలరోజులుందనగా ఒకాయన వచ్చాడు. గేటు దగ్గరున్న ఇనుప చువ్వల కట్ట మీద దిక్సూచి పెట్టి, "పన్నెండు డిగ్రీలు తిరిగింది, వాకిలి మార్చాలి" అన్నాడు. అక్కయ్యకు రెండు రాత్రులు నిద్ర లేదు. గోడ పడగొట్టించారు. నాకు కబురు తర్వాత అందింది. అదే దిక్సూచి పట్టుకుని నడిరోడ్డు మీదికి పది అడుగులు వేశాను. ముల్లు దారికొచ్చింది.

మన హైదరాబాదులో దిక్పాతం ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూ, అంతే. పన్నెండు కనిపించిందంటే పక్కన ఇనుము ఉందన్నమాట. ఉప్పల్ రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ.లో ఈ కొలతల కోసమే 1964 నుంచి పరిశీలనాలయం ఉంది. నగరపు సందడికి దూరంగా, మన విజయవాడ రోడ్డు మీది చౌటుప్పల్‌లో తర్వాత ఇంకొకటి పెట్టారు. మెట్రో స్తంభం పక్కన నిలబడి ఉత్తరం చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు దిక్సూచి లేకుండానే మన పెద్దలు దిక్కు పట్టారు. సూర్యసిద్ధాంతంలో ఉంది. చదునైన చోట కర్ర నిటారుగా నిలిపి, దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండువేళలా సూర్యుడి ఎత్తు కోణం ఒక్కటే. అందుకే రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరలు. ఏడాదిలో కొన్ని నెలలు స్వల్పంగా తేడా వస్తుంది, ఇల్లు కట్టుకోవడానికి అది లెక్కలోకి రాదు.

మేడ మీద బావగారూ నేనూ అలాగే గీశాం. పాత గోడ పునాది ఆ గీతకు ఇంచుమించు సమాంతరంగానే ఉంది. ఆ సున్నపు వృత్తం ఈనాటికీ చెరిగిపోలేదు. వచ్చినవారందరికీ బావగారు దాన్ని చూపిస్తారు. గోడ సంగతి మాత్రం ఎత్తరు.