మునికోల నుంచి కేంద్రం దాకా

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠము)



మనలో రైల్వేవారున్నారు, తపాలావారున్నారు. శాఖలు వేరైనా మనందరినీ కలిపి పిలిచే పేరు ఒకటున్నది: కేంద్ర ప్రభుత్వోద్యోగులు. మన కరవు భత్యాన్ని కేంద్రం ప్రకటించాలి. మన వేతన సంఘాన్ని కేంద్రం నియమించాలి. 1960 జూలైలోను, 1968 సెప్టెంబరు 19న, మళ్ళీ 1974 మే నెలలోను మనవారు సమ్మెకు దిగినప్పుడు అణచివేతకు పూనుకొన్నదీ కేంద్రమే. రోజుకు ఎన్నిసార్లో మన నోట పలికే ఈ మాట ఎక్కడిది, ఏయే అర్థాలు దాటి మన దాకా వచ్చినది అన్న సంగతిని ఈ పూట పరిశీలించుదాము. పదచరిత్రలు పండితుల వ్యవహారమని కొందరు అనుకోవచ్చును. వినతిపత్రాలు, సర్క్యులర్లు, తీర్మానాలు రాసే మనకు మాటలు పనిముట్లు. పనిముట్టు ఎట్టిదో ఎరిగి ఉండడం మంచిది.

కేంద్రము అనగానే సంస్కృత పదమని తోచును. రూపము సంస్కృతమే, పుట్టుక మాత్రం గ్రీకు. గ్రీకు భాషలో ‘కెంట్రోన్’ అనే మాట ఉన్నది. గుచ్చుట అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టినది. ఎద్దులను, గుర్రాలను తోలేవాడు చేతబట్టే మొనగల కర్రకు కెంట్రోన్ అని పేరు. మన పల్లెల్లో దానినే ముల్లుకర్ర అనీ మునికోల అనీ అంటారు. తేనెటీగ కొండిని కూడా గ్రీకులు ఆ మాటతోనే పిలిచారు. క్రైస్తవ సోదరులకు మరొక సంగతి చెప్పవలె. అపొస్తలుల కార్యముల 26వ అధ్యాయంలో, మొనకు ఎదురుతన్నే ఎద్దు సామెత పౌలు చెప్పే కథలో వస్తుంది. అక్కడి గ్రీకు మూలంలో ఉన్నది ఈ మాటే. తెలుగు అనువాదకులు దానిని సరిగానే మునికోల అన్నారు. కాబట్టి మునికోల, కేంద్రము అనే రెండు తెలుగు మాటల వెనుక ఉన్న గ్రీకు మాట ఒక్కటే.

పశువును పొడిచే మొన పండితుల చేతికి ఎట్లా పోయినది? వృత్తలేఖిని ద్వారా. వృత్తలేఖినికి రెండు కాళ్ళు. ఒకటి కదలక కాగితంలోనో మట్టిలోనో గుచ్చుకొని నిలుచును, రెండవది చుట్టూ తిరుగును. గుచ్చుకొన్న మొనకు, అది చేసిన చిన్న గుంటకు గ్రీకు గణితజ్ఞులు కెంట్రోన్ అని పేరు పెట్టారు. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడు వృత్తాన్ని నిర్వచించేనాటికి పొడవడమనే భావం వెనుకబడి, నిశ్చలమైన నడిమి బిందువు అనే భావం స్థిరపడినది. ఆ బిందువు నుంచి అంచుకు గీసిన గీతలన్నీ సమానమైతేనే అది వృత్తమని ఆయన నిర్వచనం. ఈ సమానత్వపు షరతును గుర్తుంచుకోండి, దీనితో మనకు ముందు పని ఉన్నది.

అక్కడి నుంచి ఆ మాట రెండు దిక్కులకు బయలుదేరినది. పడమటి దారిలో లాటిను ‘సెంట్రుమ్’ అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘సెంటర్’ అయినది. తూర్పు దారిలో మన దేశానికి వచ్చినది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వంటి నగరాలలో పెరిగిన గ్రీకు జ్యోతిషం క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో పశ్చిమ తీరపు వర్తక మార్గాల వెంట భారతదేశానికి చేరినది. యవనజాతకమనే సంస్కృత గ్రంథం పేరులోనే ఆ జాడ ఉన్నది. దానితోపాటు హోర, ద్రేక్కాణము, లిప్త, జామిత్రము మొదలైన మాటలు వచ్చి సంస్కృత వేషం వేసుకొన్నవి. కెంట్రోన్ కేంద్రమైనది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు ఈ ఋణాన్ని దాచలేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వారి వద్ద చక్కగా నెలకొన్నది గనుక వారు ఋషులవలె పూజ్యులే అన్న పూర్వుల మాటను ఆయన తన గ్రంథంలో చేర్చుకొన్నాడు. మాటకు జన్మస్థలం అడిగి గడపలో నిలబెట్టే నేటి కొందరికంటె ఆ పండితుని మనస్సు విశాలమైనది.

ఇక్కడ అర్థం చిత్రంగా మారినది. జాతకచక్రంలో కేంద్రమంటే నడిమి భాగం కాదు. లగ్నము, నాలుగవ స్థానము, ఏడవ స్థానము, పదవ స్థానము — ఈ నాలుగూ కేంద్రాలు. ఉదయించే బిందువు, అస్తమించే బిందువు, నడినెత్తిన ఒకటి, పాదాల కింద ఒకటి. గ్రీకు జ్యోతిష్కులు ఈ నాలుగింటిని ఆకాశాన్ని నిలిపి ఉంచే మొనలుగా భావించారు. అందుచేత మన పంచాంగకర్తలకు కేంద్రం ఒక్కటి కాదు, నాలుగు! అవి నడుమ లేవు, అంచున ఉన్నవి. మరొక విశేషం. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఈ స్థానాలకు చతుష్టయమనీ, కంటకమనీ కూడా పేర్లు చెప్పాడు. కంటకమంటే ముల్లు. గ్రీకు మొన సంస్కృతంలో ముల్లుగా మళ్ళీ తల చూపినది.

జ్యోతిషంలో నాకు నమ్మకం లేదు. అయినా ఒక సూత్రం చెప్పకుండా ఉండలేను. సహజంగా శుభులైన గ్రహాలు కేంద్రాలకు అధిపతులైతే శుభమిచ్చే శక్తిని కోల్పోతారట. దానిని కేంద్రాధిపత్య దోషమంటారు. మన ఉద్యోగ సంఘాల అనుభవం తెలిసినవాడెవడో ఈ సూత్రం రాసి ఉంటాడని నా అనుమానం.

ఖగోళ గణితంలో అర్థం ఇంకొక మెట్టు జరిగినది. సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాలలో గ్రహానికీ దాని మందోచ్చానికీ నడుమనున్న కోణ దూరానికి మందకేంద్రమని పేరు. శీఘ్రకేంద్రం కూడా అటువంటిదే. అనగా బిందువు కాస్తా దూరమైనది. పాత పద్ధతిని పంచాంగం గుణించేవారికి ఆ అర్థమే ముఖ్యం.

ఆంగ్లేయుల కాలంలో దేశభాషలలో పాఠ్యపుస్తకాలు రాసినవారు ‘సెంటర్’ అనే మాటకు సమానపదం వెదికి ‘కేంద్రం’ తీసుకొన్నారు. పడమటికి పోయిన అన్న, తూర్పుకు వచ్చిన తమ్ముడు పదిహేనువందల ఏండ్ల తరువాత ఒకే పలక మీద కలుసుకొన్నారు. ఆ కలయికతో పాత సంస్కృతార్థాలు పంచాంగాలకే పరిమితమైనవి. తెలుగులో కేంద్రం అంటే నడిమి బిందువు, దాని వెంట అధికార స్థానం అనే ఇంగ్లీషు అర్థమే మిగిలినది. జిల్లా కేంద్రం అన్నాము. ఆకాశవాణి విజయవాడ కేంద్రం అన్నాము. ఆరోగ్య కేంద్రం, పరీక్షా కేంద్రం, ధాన్యం కొనుగోలు కేంద్రం వచ్చినవి. 2017 నుంచి మన పోస్టాఫీసులలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు కూడా వెలిసినవి.

రైల్వే సోదరులకు ఒక ప్రశ్న. 1951 నవంబరు 5న నిజాం స్టేట్ రైల్వేను కూడా కలుపుకొని బొంబాయి ప్రధాన స్థానంగా సెంట్రల్ రైల్వే ఏర్పడినది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ప్రధాన స్థానంగా సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడినది. వీటిని మనం మధ్య రైల్వే, దక్షిణ మధ్య రైల్వే అంటున్నాము. ఎవ్వరూ దక్షిణ కేంద్ర రైల్వే అనలేదు. అదే ‘సెంట్రల్’ అనే మాట ప్రభుత్వం ముందు నిలిచినప్పుడు మధ్య ప్రభుత్వమని ఎందుకు అనలేదు? మధ్య అన్నప్పుడు స్థలం మాత్రమే తెలుస్తుంది. కేంద్రం అన్నప్పుడు తక్కినవన్నీ దాని చుట్టూ తిరుగుతున్నవన్న భావం తోడు వస్తుంది. అనువాదకుడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, ఆ తేడా మన చెవికి పట్టినది.

ఈ రాజకీయార్థం వలసపాలనలో స్థిరపడినది. 1919 చట్టం కింద చేసిన నిబంధనలు పాలనాంశాలను సెంట్రల్ అనీ, ప్రొవిన్షియల్ అనీ విభజించినవి. ఢిల్లీలోని శాసనసభకు సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ అనే పేరు వాడుకైనది. 1935 చట్టం ఫెడరేషన్‌ను ఊహించినది, కాని ఆ ఫెడరేషన్ ఏర్పడనే లేదు. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగ నిర్మాతలు మొదటి అధికరణంలో వేరొక మాటను ఎంచుకొన్నారు: ఇండియా, అనగా భారత్, రాష్ట్రాల యూనియన్. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందుంచుతూ డాక్టర్ అంబేద్కర్ ఈ మాటకు కారణం వివరించారు. రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకొనగా ఏర్పడినది కాదు గనుక ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదనీ, అది విడదీయరానిది గనుకనే యూనియన్ అన్నామనీ వారి భావం. హిందీలో ఆ మాట ‘సంఘ్’ అయినది.

మరి తెలుగులో? రైల్వేలు ఏడవ షెడ్యూలులోని యూనియన్ జాబితాలో 22వ పద్దు, తపాలా తంతులు 31వ పద్దు. ఆ జాబితాను మనం కేంద్ర జాబితా అంటాము. యూనియన్ బడ్జెట్‌ను కేంద్ర బడ్జెట్ అంటాము. యూనియన్ టెరిటరీని కేంద్రపాలిత ప్రాంతమంటాము. మూలంలో యూనియన్ ఉన్న చోటెల్లా తెలుగులో కేంద్రం కూర్చున్నది. దీనికి ఒక కారణం భాషలోనే ఉన్నదని నా అభిప్రాయం. తెలుగులో ‘సంఘం’ అప్పటికే తీరిక లేని మాట. కార్మిక సంఘం, సహకార సంఘం, వేతన సంఘం, ఆర్థిక సంఘం — ఇంతమందిని మోస్తున్న మాట మీద దేశ ప్రభుత్వాన్ని కూడా ఎక్కించడం కష్టం.

అయితే సెంట్రల్ గవర్నమెంటు అనేది చట్టానికి తెలియని మాట అనుకోరాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో దానికి నిర్వచనమున్నది. దానిని వాడినవాడు తప్పు చేసినట్లు కాదు. వాదం వచ్చినది రాజకీయ రంగంలో. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో కేంద్రం మిథ్య అనే మాట ఆయన పేరిట దేశమంతా ప్రచారమైనది. 1983లో నియమితమైన సర్కారియా కమిషన్ పరిశీలించిన విషయాన్నే కేంద్ర–రాష్ట్ర సంబంధాలని పిలిచారు. 2021లో తమిళనాడులోని నూతన ప్రభుత్వం కేంద్ర ప్రభుత్వమనే మాటను వదలి, యూనియన్ ప్రభుత్వమనే అర్థం గల ‘ఒన్రియ అరసు’ను అధికార వ్యవహారంలో చేపట్టినది. దాని మీద చాలా వాగ్వాదం జరిగినది. ఇంత వాగ్వాదం జరిగినదంటే మాట ఒట్టి మాట కాదన్నమాట.

ఆ వాదంలో పక్షం చెప్పడం నా ఉద్దేశం కాదు. మన పనికి సంబంధించిన రెండు సంగతులు చెబుతాను.

మొదటిది. కేంద్రం నిరాకరించినది అని మనం రాసినప్పుడు నిరాకరించినదెవరో తెలియదు. రైల్వే బోర్డా, తపాలా డైరెక్టరేటా, ఆర్థిక మంత్రిత్వ శాఖలోని వ్యయ విభాగమా? బిందువుకు పొడవు వెడల్పులు లేవు. దానికి ముఖం కూడా లేదు. ముఖం లేని దానితో బేరం సాగదు. 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఏర్పడినప్పుడు శాఖకు ఒక మండలి, అందరికీ కలిపి జాతీయ మండలి అని విడదీసినది, ఏ కోరికకు ఎవరు జవాబుదారో తెలియడం కోసమే. మన శాఖల నుంచి వచ్చే తీర్మానాలలో సగం కేంద్రాన్ని ఉద్దేశించి ఉంటున్నవి. వాటికి సమాధానం రాకపోవడంలో వింత లేదు.

రెండవది యూక్లిడు షరతు. గ్రామీణ డాక్ సేవకుల సంగతి తపాలావారందరికీ తెలిసినదే. వీరిని పూర్వం ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు. 1977లో సుప్రీంకోర్టు వీరు సివిల్ పోస్టులలో ఉన్నవారేననీ, 311వ అధికరణం రక్షణ వీరికి వర్తిస్తుందనీ తీర్పు ఇచ్చినది. అయినా శాఖ వీరిని క్రమబద్ధమైన ఉద్యోగులుగా లెక్కించదు. వీరి ప్రతిఫలాన్ని వేతన సంఘం చూడదు. వేరే కమిటీలు చూస్తవి. 2016లో కమలేశ్ చంద్ర కమిటీ నివేదిక ఇచ్చిన తరువాత 2018లో సవరణ జరిగినది, పనిని నాలుగు గంటలు, ఐదు గంటలు అని రెండు తరగతులుగా లెక్కించారు. అడవి అంచు గ్రామంలో పింఛను చెల్లించి, ఉత్తరం అందజేసి, పొదుపు ఖాతా రాసుకొనే మనిషికి గ్రామస్థులు ఇచ్చే పేరు కేంద్ర ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వం ఇచ్చే పేరు సేవకుడు. రైలు పెట్టెలు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఇంతకంటె దూరం. వారి మధ్య మునికోల పట్టుకొని నిలుచున్నవాడు కాంట్రాక్టరు. అంచుకు గీసిన గీతలు సమానం కానప్పుడు యూక్లిడు లెక్కన అది వృత్తం కాదు, నడుమనున్నది కేంద్రమూ కాదు. రేపటి చర్చలో ఈ రెండు వర్గాల కోరికలను అనుబంధంలో కాక, వినతిపత్రం ప్రధాన భాగంలోనే చేర్చవలెనని నేను ప్రతిపాదిస్తున్నాను.

ఇప్పుడు మన నియమావళి తెలుగు ముసాయిదా మీ ముందుకు రానున్నది. అందులో సెంట్రల్ వర్కింగ్ కమిటీని కేంద్ర కార్యవర్గమని రాశారు. దానిని అఖిల భారత కార్యవర్గమని మార్చవలెనని నా సవరణ. అట్లే ఏడవ నిబంధనలో ‘కేంద్రం అనుమతితో’ అని ఉన్నచోట, అనుమతి ఇవ్వవలసినది ప్రధాన కార్యదర్శియా, కార్యవర్గమా అన్నది పేరు పెట్టి రాయవలె. సవరణలను బలపరచదలచినవారు భోజన విరామానికి ముందే తమ శాఖ పేరుతో చీటీ ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.